ఆ మనిషి కూర వండింది నేనే

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో కింద ఒక మూల ఏడెనిమిది లైన్లలో ఒక చిన్న సినిమా గురించి రాశారు. నరమాంసం మీద కామెడీ ఏంటన్నారు, చౌకబారు అన్నారు, జుగుప్స అన్నారు, మన సంస్కృతిలో లేని పైత్యం ఎక్కడి నుంచో మోసుకొచ్చారన్నారు. ఇవన్నీ మీ ఇష్టం, పేపర్ మీది. కానీ చివర్లో 'ఆ కూర చూపించిన తీరుకి కడుపులో తిప్పేసింది' అని ఒక మాట రాశారు చూడండి, అక్కడ నాకు కాలింది. ఎందుకంటే ఆ కూర వండింది నేనే. 14 ఏళ్లుగా యూసుఫ్‌గూడలో కర్రీ పాయింట్ నడుపుతున్నాను. ఉప్పెక్కువైందన్నవాళ్లున్నారు, నూనె తగ్గించమన్నవాళ్లున్నారు, కడుపులో తిప్పిందని మాత్రం ఇప్పటిదాకా ఒక్కరూ అనలేదు.

సినిమా పేరు నేను రాయను. రాస్తే, పబ్లిసిటీ కోసం ఆ కుర్రాళ్లే రాయించారంటారు.

కథ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. అప్పుల్లో మునిగిన మొగుడూ పెళ్లాం కర్రీ పాయింట్ పెట్టుకుంటారు. సిలిండర్‌కి డబ్బుల్లేవు, చికెన్ షాపువాడు అరువివ్వనంటాడు, వడ్డీకిచ్చినవాడు రోజూ వచ్చి షట్టర్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఒకరోజు మాటా మాటా పెరిగి, తడి నేల మీద కాలు జారి, తల గ్రైండర్‌కి కొట్టుకుని ఆ వడ్డీవాడు పోతాడు. తర్వాత ఏం జరిగిందో చూపించరు. మర్నాడు కూర గంటలో అయిపోతుంది, అంతే. అక్కడి నుంచి జనం క్యూలు కడుతుంటే వీళ్లిద్దరికీ ఒకటే టెన్షన్, రేపటికి సరుకెలా అని.

ఇక ఆ కుర్రాళ్లు నా దగ్గరికి ఎలా వచ్చారంటే, మా షాపుకి వచ్చేవాళ్లలో సగం మంది కృష్ణానగర్ సినిమావాళ్లే. అసిస్టెంట్ డైరెక్టర్లు, జూనియర్ ఆర్టిస్టులు, ఎడిటింగ్ నేర్చుకునే పిల్లలు. ఒక పప్పు, ఒక వేపుడు, ఒక రసం కవరు తీసుకెళ్లి ముగ్గురు తింటారు, అన్నం రూములో వండుకుంటారు. ఈ డైరెక్టర్ అబ్బాయి నాలుగేళ్లుగా అలాంటి ఖాతాయే. తణుకు దగ్గర వాళ్ల ఊరు, నన్ను పిన్నిగారూ అంటాడు. ఒకరాత్రి షట్టర్ దింపబోతుంటే వచ్చి, 'పిన్నిగారూ, రాత్రిపూట మీ షాపు ఖాళీయే కదండీ, ఆరు రాత్రులు ఇస్తే సినిమా తీసుకుంటాం' అన్నాడు. ఏం సినిమా బాబూ అంటే కాసేపు నసిగాడు. 'కర్రీ పాయింట్‌లో మనిషి మాంసం అమ్ముతారండీ' అన్నాడు. నా చేతిలో గరిటె ఉంది. వాడు రెండడుగులు వెనక్కేశాడు.

రాత్రికి 3,000 రూపాయలు, కరెంటు బిల్లు వేరే, తెల్లారి ఐదింటికల్లా కడిగి ఇచ్చేయాలి, షాపు బోర్డు కనపడకూడదు. ఈ షరతుల మీద ఒప్పుకున్నాను. సినిమా మొత్తం 18 లక్షల్లో అయిపోవాలట. పెద్ద హీరో సినిమాలో అది ఒక పాటకి పూల ఖర్చు అన్నాడు మా ఆయన.

చౌకబారు అన్నారు కదా, ఆ మాట దగ్గర కాస్త ఆగుతాను. చవక వేరు, చౌకబారు వేరు. మా దగ్గర పప్పు 30 రూపాయలు, అది చవక. పొద్దున మిగిలిన పప్పులో వేన్నీళ్లు పోసి రాత్రికి మళ్లీ తాలింపు పెట్టి అమ్మితే అది చౌకబారు. ఆ పిల్లలు చేసింది చవక పని. పక్కన నిలబడి ఆరు రాత్రులు చూశాను కాబట్టి చెప్తున్నాను.

రక్తం సంగతే చూడండి. మేకప్ సామాన్ల షాపులో అమ్మే రక్తం సీసా ఒకటి తెచ్చారు, మొదటి రాత్రి రెండో షాటుకే అయిపోయింది. ఆ పని చూసే అబ్బాయి ఏడుపొక్కటే తక్కువ. నేను లోపలికెళ్లి పంచదార పాకం పెట్టాను. లేతపాకం, తీగ రాకముందే దించేయాలి, దించాక నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే మళ్లీ పలుకు కట్టదు, ఇది మిఠాయి చేసేవాళ్లెవర్నడిగినా చెప్తారు. అందులో ఎర్ర రంగు కలిపాం. కెమెరా అబ్బాయి మానిటర్‌లో చూసి 'ఇది రస్నా అండీ, రక్తం కాదు' అన్నాడు. నిజమే, బయట బాగానే ఉన్నది లైటు కింద షర్బత్‌లా మెరుస్తోంది. అప్పుడు ఒక చెంచా కోకో పొడి, రెండు చెంచాల కాఫీ డికాక్షన్ కలిపాను. మెరుపు చచ్చి, రంగు ముదిరి, బేసిన్ అంచుకి మెల్లగా జారుతుంటే, కలిపిన నేనే చెయ్యి వెనక్కి లాక్కున్నాను. 'రక్తం ఏరులై పారింది' అని రాశారు మీ పేజీలో. ఆరు రాత్రులకీ కలిపి పెట్టిన పాకం రెండు లీటర్లండీ. కొలత నాది.

అయితే పంచదార అన్నాక చీమలు రాకుండా ఉంటాయా. వడ్డీవాడి వేషం వేసినతను గ్రైండర్ పక్కన కళ్లు మూసుకుని శవంలా పడుకున్నాడు, తల కింద అంతా పాకం. భార్య వేషం వేసిన అమ్మాయి మీద అసలు షాటు, కెమెరా మెల్లగా కిందకి రావాలి. ఎక్కడి నుంచి వచ్చాయో గండుచీమలు గోడ వారన బారు కట్టి వచ్చేశాయి. నేను స్టవ్ వెనక నుంచి చూస్తూనే ఉన్నాను, ఒకటి వెళ్లి వెళ్లి సరిగ్గా అతని చెవి దగ్గర ఆగింది. పాపం శవం కదలకూడదు. ముందు కనుబొమ్మ ఒక్కటి లేచింది. తర్వాత ముక్కు. తర్వాత పెదవి ఒక పక్కకి పోతోంది. డైరెక్టర్ కట్ అనడు, మళ్లీ చేయాలంటే తెల్లారిపోతుందని. అప్పుడా అమ్మాయి, డైలాగ్ కాగితంలో లేదు, తనంతట తను, కిందకి చూసి, 'ఏవండీ... ఇంకా ఉన్నాడేమోనండీ' అంది, పాలు పొంగాయేమో చూడండి అన్నంత మామూలుగా. శవం పగలబడి నవ్వేశాడు. నవ్విన ముక్క మాత్రం కోసేసి మిగతాది సినిమాలో అలాగే ఉంచారు. థియేటర్లో అందరూ నవ్వింది అక్కడే. దగ్గర డబ్బులుండి బొమ్మ శవాన్ని తెచ్చుకుని ఉంటే ఆ సీను ఉండేదే కాదు.

కూర విషయానికొస్తాను. అది పనసకాయ. ఎర్రగడ్డ రైతుబజార్లో మూడు లేతకాయలు తెచ్చాం. చేతులకి, కత్తికి నూనె రాసుకుని కోయాలి, లేకపోతే ఆ పాలు వదలవు. ముక్కల్ని ఉప్పు పసుపు వేసి ఉడికించి, అల్లంవెల్లుల్లి, ధనియాలు, గసగసాలు, కొబ్బరి వేసి, ఉల్లిపాయ నల్లబడేదాకా వేయించి వండితే, పీచు పీచుగా విడిపోతూ అచ్చం మటన్ లాగే ఉంటుంది చూడటానికి. వేలు అని చూపించింది బేబీ కార్న్, గోరు బాదంపలుకు, కాస్త మైదా జావతో అతికించాను. ఆ వేలు చూసి సినిమాలో కస్టమర్ ఒకావిడ 'ఏంటిది, గోరు ఉందేంటి' అంటే, భర్త వేషం వేసినతను తడుముకోకుండా 'లేడీస్ ఫింగరండీ' అంటాడు. సరే, ఆ జోకు నాది కాదు.

అసలు కష్టం ఎక్కడొచ్చిందంటే, రాత్రి మూడింటికి టీ బ్రేకులో లైట్లబ్బాయిలు డేగిసా మూత తీసి ప్రాపర్టీ, అంటే షూటింగ్ కోసం పెట్టిన కూర, తినేశారు. తర్వాత షాటులో నిండుగా ఉండాల్సిన డేగిసా సగానికి వచ్చింది. కంటిన్యుటీ పోయిందని డైరెక్టర్ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. 'ఎవర్రా తిన్నది' అంటే, ఒకడు మూతి తుడుచుకుంటూ 'మనిషి బాగున్నాడన్నా' అన్నాడు. మళ్లీ వండాను ఆ రాత్రి. కడుపులో తిప్పిందన్న మాటకి నాకెందుకు మండిందో ఇప్పుడైనా అర్థమైందా?

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది నవ్వే విషయం కాదు. మొదట వాళ్లు రాసుకున్న కథలో ఈ మొగుడూ పెళ్లాం అడవికి పోతారు, అక్కడ ఒక తెగవాళ్లు మనుషుల్ని కాల్చుకు తింటుంటే చూసి వంట నేర్చుకుంటారు. మా దగ్గర కూరగాయలు తరిగే అమ్మాయిది ఉట్నూరు పక్కన గూడెం, గోండుల పిల్ల. అది వింటూ వంకాయలు తరుగుతోంది. కత్తి పీట పక్కకి జరిపి, 'అన్నా, మా గూడెంల మనిషిని ఎవరు తిన్నరే? మేం జొన్నరొట్టె తింటం, ఇప్పపువ్వు తింటం. మనుషుల్ని పీక్కతినేటోళ్లు ఈడ పట్నంలనే ఉన్నరు, వడ్డీలకిచ్చేటోళ్లు' అంది. మళ్లీ వంకాయ అందుకుంది. డైరెక్టర్ అబ్బాయి మొహం పాలిపోయింది. రెండు రోజులు కనపడలేదు. మూడో రోజు వచ్చి అడవి సీన్లన్నీ తీసేశానన్నాడు, వడ్డీవాణ్ణి పెట్టానన్నాడు. మీరు సంస్కృతి గురించి రాసేముందు ఈ సంగతి తెలిసుంటే బాగుండేది, ఎందుకంటే ఈ రకం సినిమాల్లో అసలు రోత అక్కడుంటుంది, రక్తంలో కాదు. అడవిలో ఉండేవాళ్లంటే తినేవాళ్లు, బట్టలేసుకున్నవాళ్లంటే తినబడేవాళ్లు అని చూపించి చూపించి జనం బుర్రల్లో ముద్ర వేసేశారు. ఆ ఇంగ్లీషు మాట కానిబల్ కూడా అలా పుట్టిందేనని ఆ అబ్బాయే చెప్పాడు, కొలంబస్ కాలంలో స్పెయిన్ వాళ్లు కరీబియన్ దీవుల్లోని కరీబులనే జనాన్ని మనుషుల్ని తింటారని చెప్పుకోగా చెప్పుకోగా, ఆ జనం పేరే ఆ పనికి పేరైపోయిందట.

షాటుకీ షాటుకీ మధ్య లైట్లు మార్చుకునేటప్పుడు ఇలాంటివే చెప్తూ ఉండేవాడు, నేను ఉల్లిపాయలు ఒలుచుకుంటూ వినేదాన్ని. అమెరికాలో కొలరాడో అని కొండల ప్రాంతం. 1874 చలికాలంలో ఆల్ఫర్డ్ ప్యాకర్ అనే అతను, ఇంకో ఐదుగురు, బంగారం కోసం ఆ కొండలు దాటడానికి బయల్దేరారు. అక్కడి యూట్ అనే తెగకి పెద్ద, యూరే అనే ఆయన, వద్దన్నాడు, మంచు కరిగేదాకా మా దగ్గరే ఉండండన్నాడు. వినలేదు. ఏప్రిల్‌లో ప్యాకర్ ఒక్కడే దిగొచ్చాడు. మిగతావాళ్లని తిని బతికానని ఒప్పుకున్నాడు, ఎవరు ఎవర్ని చంపారన్న దగ్గర మాత్రం కథ మార్చి మార్చి చెప్పాడు. జైలు నుంచి పారిపోయి తొమ్మిదేళ్ల తర్వాత 1883లో దొరికాడు. మొదట ఉరిశిక్ష వేశారు, అది కొట్టేశాక 1886లో మళ్లీ విచారించి 40 ఏళ్లు వేశారు, 1901లో పెరోల్ మీద బయటికొచ్చాడు. ఇందులో అడవి మనుషులు చేసింది ఏంటండీ? పోవద్దురా నాయనా అని చెప్పడం. తిన్నది పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి.

దీన్ని పట్టుకుని 1993లో అక్కడి యూనివర్సిటీ కుర్రాడు ట్రే పార్కర్ పాటలతో కామెడీ సినిమా తీశాడట, పేరు 'కానిబల్! ది మ్యూజికల్'. ముందు క్లాసు కోసం మూడు నిమిషాల ట్రైలర్ మాత్రం తీస్తే, సినిమా ఏదీ అని అందరూ అడగడం మొదలెట్టారని, అప్పుడు నిజంగానే డబ్బులు పోగేసి తీశారని చెప్పాడు. ఇంకా వినండి, అదే యూనివర్సిటీలో 1968లో పిల్లలు తినే క్యాంటీన్‌కి ప్యాకర్ పేరే పెట్టారు. ఓటేసి మరీ పెట్టుకున్నారు. నేను విని ఉల్లిపాయ పక్కన పెట్టి నవ్వాను. మన దగ్గర ఏ హాస్టల్ మెస్సుకైనా అలాంటి పేరు పెట్టండి, మర్నాడు గేటు ముందు ధర్నా.

నాకు బాగా నచ్చిన సంగతి మాత్రం ఇంకోటి. 1982లో పాల్ బార్టెల్ అనే ఆయన తీసి, భర్త వేషం తనే వేసిన 'ఈటింగ్ రౌల్', అంటే రౌల్ అనేవాణ్ణి తినడం. అందులో మొగుడూ పెళ్లాలకి హోటల్ పెట్టుకోవాలని కోరిక, చేతిలో డబ్బుల్లేవు. ఇంటికొచ్చే పైలాపచ్చీసుగాళ్లని పెనంతో నెత్తి మీద ఒకటిచ్చి, జేబులు ఖాళీ చేస్తుంటారు. పెనం అనగానే నాకు ఆసక్తి ఎక్కువైంది, ఎలాంటి పెనం, ఇనపదా, ఎంత బరువు అని అడిగాను. 'పిన్నిగారూ, మీరిలా అడుగుతుంటే భయమేస్తోంది' అన్నాడు. ఆ సినిమాకి కూడా డబ్బు దొరికినప్పుడల్లా కాస్త కాస్త తీసుకుంటూ వెళ్లారట. 1960లో విడుదలైన, మనుషుల్ని తినే మొక్క మీద కామెడీని రోజర్ కార్మన్ అనే డైరెక్టర్ అయితే చాలా వరకు రెండే రోజుల్లో షూట్ చేశాడు, వేరే సినిమాకి వేసిన సెట్ ఇంకా పీకలేదు కదా అని. అంటే డబ్బుల్లేకపోవడం ఈ రకం సినిమాకి లోటు కాదు. చూపించలేరు కాబట్టి మాటతో చెప్తారు, మాట మన వంటింటి మాట కాబట్టి వెన్ను జలదరిస్తుంది. కోట్లు పోసి పేగులన్నీ దగ్గరగా చూపిస్తే నేనూ లేచి వచ్చేసేదాన్ని.

ఆ మాట సంగతే చెప్తాను. సినిమాలో ఒక బ్యాంకు ఆయన రోజూ కూర పట్టుకెళ్తుంటాడు. ఒకరోజు, 'ఏమ్మా, రుచి మారిందేంటి, ఇవాళ భలే ఉంది' అంటాడు. ఆవిడ కవరుకి రబ్బరు బ్యాండు వేస్తూ, తలెత్తకుండా, 'కొత్త కుర్రాణ్ణి పెట్టామండీ' అంటుంది. అంతే డైలాగు. థియేటర్లో ఒక క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత ఎవరో ఒకరు 'అమ్మో' అన్నారు, అప్పుడు అందరికీ తట్టింది. దీనికి రక్తం కావాలా? రోజూ మనం అనుకునే మాటలే కదా. నా ప్రాణం తినకు అంటాం. వాడు నన్ను నంజుకు తింటున్నాడంటాం. ముద్దొస్తే పసిపిల్లని కొరుక్కు తినేస్తానంటాం. సినిమా నిండా ఈ మాటలే, ఒక్కటీ బయటి నుంచి తెచ్చింది లేదు.

ఇక మన సంస్కృతిలో లేదన్నారు. మీ ఇంట్లో చంటిపిల్లకి పాలు పట్టాక పొట్ట నిమిరి ఏమంటారండీ? జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం అనరా? ఎవరా వాతాపి? ఇల్వలుడనే రాక్షసుడి తమ్ముడు. అన్న తమ్ముణ్ణి మేకగా మార్చి, కోసి, కూర వండి, ఇంటికొచ్చిన బ్రాహ్మణులకి వడ్డిస్తాడు. తిన్నాక 'వాతాపీ, బయటికి రా' అని పిలుస్తాడు, వాడు పొట్ట చీల్చుకుని వచ్చేస్తాడు. చివరికి అగస్త్యుడొచ్చి, తిని, పొట్ట నిమురుకుని, జీర్ణం అయిపోయాడు పో అంటాడు. ఇల్వలుడు పిలుస్తూనే ఉంటాడు, తమ్ముడు రాడు. దీన్ని మించిన కామెడీ హారర్ ఏ దేశంలో ఉందో చూపించండి. మా అమ్మమ్మ ఆ 'బయటికి రా' అనే చోట గొంతు మార్చేది, మేం దుప్పట్లో దూరి, భయపడి, నవ్వి, మళ్లీ చెప్పమనేవాళ్లం. బకాసురుడి కథ మాత్రం? ఇంటికొక మనిషి చొప్పున వంతు, బండెడు అన్నంతో పంపాలి. భీముడు ఆ బండి ముందు కూర్చుని రాక్షసుడి భోజనం తనే లాగిస్తుంటే, వాడొచ్చి వీపు మీద గుద్దుతుంటాడు, ఈయన తినడం ఆపడు. ఏకచక్రపురంలో అప్పుడు మీ పేపర్ ఉండి ఉంటే ఏం రాసేదో మరి.

పిల్లలు చెడిపోతారని కూడా ఒక ముక్క పడేశారు. దానికి సెన్సార్ వాళ్లిచ్చింది యూఏ 16+. 2024 నవంబర్ నుంచి యూఏలోనే 7+, 13+, 16+ అని మూడు రకాలు చేశారు కదా, అది పోస్టర్ మీద ఉంది, టికెట్ మీద ఉంది. అన్నట్టు, ఒక తమాషా. షాపు ముందు బతికున్న కోడి ఒకటి తిరుగుతున్నట్టు చూపిద్దామనుకున్నారు. జంతువుల్ని, పక్షుల్ని సినిమాలో వాడాలంటే జంతు సంక్షేమ బోర్డు నుంచి అనుమతి కాగితాలుండాలట, దానికి టైమూ లేదు డబ్బూ లేదు, కోడిని మానేశారు. మనిషిని వండి వడ్డించడానికి ఏ కాగితమూ అడగలేదు, కోడి నడవాలంటే మాత్రం పర్మిషన్. ఈ మాట సినిమాలో పెట్టరా అన్నాను, పెట్టలేదు వెధవలు.

షూటింగ్ వల్ల నేను పడ్డ పాట్లు కూడా చెప్పాలి కదా, అంతా బాగుందంటే మీరు నమ్మరు. ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఎవరో రాత్రి రెండింటికి బాల్కనీలోంచి ఫోన్లో తీసి వాట్సాప్ గ్రూపుల్లో వదిలారు. పదిహేను సెకన్ల వీడియో, నేను ఒక చెయ్యి పట్టుకుని కవర్లో చుడుతున్నాను, అది సిలికాన్ చెయ్యి, షాటు అయ్యాక జాగ్రత్త చేస్తున్నాను. కింద ఏం రాసి ఉంటారో మీకు చెప్పక్కర్లేదు. రెండు రోజులు షాపు ముందు ఈగలు తోలుకున్నాం. పధ్నాలుగేళ్ల ఖాతాలవాళ్లు కూడా రోడ్డుకి అటు పక్కగా నడిచి వెళ్లారు. సాంబారు, పెరుగు మాత్రం అడిగి పట్టుకెళ్లింది ఒక హాస్టల్ పిల్ల, దానికి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

మూడో రోజు ఆఫీసు నుంచి ఒకాయన తనిఖీకి వచ్చాడు. లైసెన్సు చూశాడు, నూనె చూశాడు, కూరలు వాసన చూశాడు, అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నాడు. వెళ్లబోతూ ఫ్రిజ్ తీశాడు. పై షెల్ఫులో కరివేపాకు కట్ట పక్కన చెయ్యి ఉంది, వేళ్లు బయటికి. జాగ్రత్తగా ఉంటుందని ఆ పిల్లలు నా ఫ్రిజ్‌లో పెట్టమన్నారు, నేను మర్చిపోయాను. ఆయన అరిచిన అరుపుకి పక్కన జిరాక్స్ షాపువాడు పరిగెత్తుకొచ్చాడు. మా ఆయన ఆ చేతిని పట్టి వంచి, గిల్లి చూపించి, కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చాడు. కుదుటపడ్డాక ఆయనే దాని గోళ్లు తిప్పి తిప్పి చూసి 'ఎంత బాగా చేశారండీ' అని ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గోంగూర పప్పు కట్టించుకున్నాడు, డబ్బులిచ్చే వెళ్లాడు. అది కూడా రాస్తున్నాను, ఎందుకంటే అది కూడా జరిగింది.

సినిమా మాటకొస్తే, లోపాల్లేవని నేననను. ఇంటర్వెల్ తర్వాత ఇరవై నిమిషాలు సాగింది. గుట్ట మీద పాట దేనికో ఆ దేవుడికే తెలియాలి, కొన్న ట్యూన్ వదులుకోలేక పెట్టినట్టుంది. తాగిన కానిస్టేబుల్ కామెడీ మా నాన్న కాలం నాటిది. లావుగా ఉన్న కస్టమర్ని చూసి 'వారానికి సరిపోతాడు' అనుకునే జోకు నాకు నచ్చలేదు, షూటింగ్‌లోనే చెప్పాను, వినలేదు. ఇవి రాసి తిట్టండి, నేను కూడా అవునంటాను. మీరు ఇవేవీ రాయలేదు. చూసినవాళ్లకి మొదట తగిలేవి ఇవే, అందుకని నాకు చిన్న అనుమానం.

నేను చూసింది రెండో రోజు. మల్టీప్లెక్స్‌లో పొద్దున పదింపావుకి ఒక్కటే షో, ఆ టైముకి మాకు తాలింపుల హడావిడి, షాపు మా ఆయనకి వదిలేసి కూరగాయలు తరిగే అమ్మాయిని తీసుకుని వెళ్లాను. పదకొండు మందిమి ఉన్నాం, లెక్కపెట్టాను. థియేటర్‌కి అద్దె కట్టాలి, ప్రొజెక్షన్ చేసే డిజిటల్ కంపెనీకి వేరే కట్టాలి, పదకొండు టికెట్లతో ఆ డబ్బు ఎక్కడొస్తుంది, నాలుగో రోజుకి తీసేశారు. మీ ముక్క పేపర్లో వచ్చేసరికి సినిమా ఎక్కడా లేదు. లేని సినిమాని నిషేధించాలని రాశారు మీరు. పేర్లు పడేటప్పుడు 'వంట' అని నా పేరు వేశారు, దాని కింద 'కథా సహకారం' అని నాతో వచ్చిన ఆ కూరగాయలు తరిగే అమ్మాయి పేరు. అది చదవడం పూర్తికాకముందే లైట్లేసి ఊడ్చేవాళ్లు వచ్చేశారు. ఆ పిల్ల మాత్రం సీట్లోంచి లేవలేదు, 'అక్కా, నా పేరే కదా అది' అని రెండుసార్లు అడిగింది.

నేనడిగేది ఒక్కటే. ఆ కూర పనసకాయ అని ఒక లైను వెయ్యండి, ఎక్కడో మూల వేసినా సరే. రాసినాయన్ని ఒకసారి మా షాపుకి పంపండి, పనసకాయల రోజుల్లో అయితే బుధవారం, శనివారం వండుతాను, పదకొండున్నరకల్లా వస్తే దొరుకుతుంది.

ఇట్లు,
కర్రీ పాయింట్ నడుపుకునే మీ పాఠకురాలు,
యూసుఫ్‌గూడ, హైదరాబాద్.

తా.క. ఆ కుర్రాళ్లు సినిమా పోయిందన్న సిగ్గుతో నెల రోజులుగా ఇటు రావడం లేదు, ఫోన్లు ఎత్తడం లేదు. మీ పేపర్ టీ కొట్టు దగ్గర చదువుతారని తెలుసు కాబట్టి ఇక్కడే చెప్తున్నాను. ఒరేయ్, ఖాతా సంగతి తర్వాత చూసుకుందాం. మీ చెయ్యి ఇంకా మా ఫ్రిజ్‌లోనే ఉంది, వచ్చి పట్టుకెళ్లండి, నాకు పై షెల్ఫు కావాలి.